పడిపోవడమే పనిగా పెట్టుకున్న బాబాయి

మా బాబాయి మంచి వ్యాయామం మాస్టారు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆయన మాటెత్తితే చాలు, మా బంధువులు "ఆ, ఊరికే పడిపోతుండేవాడు, ఆయనేగా!" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. నిండు జీవితం గడిపి పోయిన మనిషి గురించి చెప్పుకోవడానికి వీళ్ళకి ఒక్క ముక్కే దొరుకుతుంది. అయితే ఆ ముక్క అబద్ధమూ కాదు. బాబాయి కొన్నేళ్ళపాటు నిజంగానే పడిపోవడం పనిగా పెట్టుకున్నాడు.

నేను చదువు కోసం వాళ్ళింట్లో ఉన్న రోజులవి. పిన్ని మా వెనక వీధిలోని ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. బాబాయికి సుగరు జబ్బు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒంట్లో సుగరు బాగా తగ్గిపోయి వంటింట్లో స్పృహ తప్పాడు. సాయంత్రం పిన్ని వచ్చి తలుపు తీసేదాకా ఆ గచ్చు మీదే ఉన్నాడు. ఎలాగో బతికి బట్టకట్టాడు. పిన్నికి మాత్రం ఆ రోజు నుంచి కాలేజీలో కాలు నిలవలేదు.

"నేనక్కడ బోర్డు మీద లెక్కలు వేసుకుంటూ కూర్చున్నా. ఈయనిక్కడ చల్లటి గచ్చు మీద దిక్కు లేకుండా పడున్నారు" అని కళ్ళు వాచేలా ఏడ్చింది. ఏడ్చాక మొహం కడుక్కుని పరిశోధనలో చేరింది. నలభై దాటాక ఈ వయసులో చదువేమిటని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు.

ఆవిడ పరిశోధనంతా సబ్బుపెట్టెలంత డబ్బాల మీద. ఒక్కో డబ్బాలో చిన్న కెమెరా, చిన్న రేడియో, బ్యాటరీలు. ఎవరూ కదలనంతసేపు డబ్బా నిద్రపోతుంది. మనిషి అలికిడైతే కళ్ళు తెరుస్తుంది. ఎవరైనా పడిపోయారని తోస్తే ఆ మాట పక్క గది డబ్బాకి చేరవేస్తుంది, అది ఆ పక్క గదిదానికి, ఆఖరికి పిన్ని ఫోను మోగుతుంది. మధ్యలో తీగలేమీ ఉండవు. బొమ్మలు దాచుకోవు, పంపవు. అది బాబాయి పెట్టిన షరతు.

"నేను చొక్కా లేకుండా తిరిగే ఇల్లిది. నా బొమ్మ గడప దాటిందో, డబ్బాలన్నీ డ్రైనేజీలోకే" అన్నాడు. వాటికి చాడీకోర్లని పేరు పెట్టింది కూడా ఆయనే.

అయితే పడిపోవడమంటే ఏమిటో ముందు డబ్బాకి నేర్పాలి. నేర్పాలంటే దాని ఎదుట ఎవరో ఒకరు పడుతూ ఉండాలి. నడుం మీద ప్రేమ ఉన్నవాడెవడూ ఒప్పుకోలేదు. బాబాయి లేచి నిలబడ్డాడు.

"దెబ్బ తగలకుండా పడటం పిల్లలకి నేర్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. నాకన్నా బాగా పడేవాడు నీకెక్కడ దొరుకుతాడోయ్!"

సెలవు దొరికిన ప్రతిరోజూ ఇద్దరూ ల్యాబుకి పోయేవాళ్ళు. నేల మీద పరుపు. బాబాయి ముందుకి పడేవాడు, వెనక్కి పడేవాడు, కుర్చీలోంచి జారేవాడు. పిన్ని కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా "మళ్ళీ" అనేది. తలుపు అద్దంలోంచి తొంగిచూసిన విద్యార్థులు మేడం మొగుణ్ణి కొడుతోందని పుకారు లేపారు. బాబాయి దాన్ని ఖండించలేదు సరికదా, నడుం పట్టుకుని కుంటుకుంటూ కారిడార్లో నాలుగు అడుగులు వేసి చూపించేవాడు. వాళ్ళిద్దరూ అంతగా నవ్వుకోవడం నేను ఇంట్లో కూడా చూడలేదు. ఆ గది ఇప్పుడు తలచుకున్నా నాకు ప్రాణం లేచొస్తుంది.

పని పూర్తయ్యాక పెద్దలు పరీక్షించడానికి వచ్చారు. బాబాయి ఎటు పడితే అటు అలారం మోగింది. చప్పట్లు కొట్టారు. అంతలో ముందు వరసలో ఒక పెద్దాయన, తెర మీద అక్షరాలు సరిగ్గా కనపడక, కళ్ళజోడు సర్దుకున్నాడు. అలారం మోగింది. అందరూ గొల్లుమన్నారు. నవ్వుతూ పక్కావిడ తన జోడు సర్దుకుంది. మళ్ళీ మోగింది. జోడు లేని కుర్ర ప్రొఫెసరొకాయన ఉత్సాహం కొద్దీ వెళ్ళి పరుపు మీద దబ్బున పడ్డాడు. డబ్బాకి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

జరిగింది తర్వాత తెలిసింది. పడబోయే ముందు ప్రతిసారీ బాబాయి చెయ్యి కళ్ళజోడు మీదికి పోయేది. పగిలిపోతుందేమోనని భయం. ఆ సంగతి ఆయనకే తెలియదు. మేమందరం ఆయన నేల మీద ఎలా పడ్డాడో చూశాం గానీ చెయ్యి ఎటు పోయిందో చూడలేదు. డబ్బా చూసింది. మనిషి పడటం కనిపెట్టడం కన్నా చెయ్యి లేవడం కనిపెట్టడం తేలికనుకుని, దాన్నే పడటమని నేర్చుకుని కూర్చుంది.

"పోన్లే, తప్పంతా నా జోడుది" అన్నాడు బాబాయి.

పిన్ని నవ్వలేదు. "స్పృహ తప్పేవాళ్ళు జోడు పట్టుకుంటారాండీ? లోకంలో ఎవరు జోడు సర్దుకున్నా ఇది మోగుతుంది. మీరు నిజంగా పడ్డ రోజున మాత్రం మోగదు. నేను దేనికోసం చేశానో, అదొక్కటే చెయ్యదు."

మర్నాటి నుంచి బాబాయి ఇల్లిల్లూ తిరిగాడు. తోటి మాస్టార్లని, పక్కింటావిణ్ణి, వాళ్ళ వియ్యపురాలిని, ఎవరినీ వదల్లేదు. బతిమాలి, బామాలి, కాఫీలు పోయించి, అందరినీ పరుపు మీద పడేయించాడు. జోళ్ళు ముందే తీసి బల్ల మీద పెట్టించాడు. ముసలివాళ్ళు గోడ పట్టుకుని మెల్లగా జారినట్టు కూడా జారించాడు. నేనూ పడ్డాను. నా మోచెయ్యి చలికాలంలో ఇప్పటికీ ఆ సంగతి గుర్తు చేస్తుంది. ఆలస్యమైతే అయింది గానీ, పిన్ని పట్టా పుచ్చుకుంది. చాడీకోర్లు ఇంట్లో గదికొకటి చొప్పున గోడలెక్కాయి.

అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు? రిటైరయ్యాక మధ్యాహ్నాలు ఆయనకి కొండల్లా ఉండేవి. నేనూ చదువు ముగించి వెళ్ళిపోయాను, ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేడు. స్టవ్ మీద టీ పెట్టి, హాల్లోకొచ్చి తివాచీ మీద సుఖంగా పడేవాడు. ఫోను మోగి పిన్ని చేతులకి సుద్దపొడితో రొప్పుతూ వచ్చేసరికి రెండు కప్పులు సిద్ధంగా ఉండేవి.

"టెస్టింగ్" అనేవాడు.

పిన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, టీ తాగి వెళ్ళిపోయేది. నేనూ కోప్పడ్డాను. "నాన్నా పులి కథ తెలీదా బాబాయ్ నీకు?"

"ఆ కథలో కుర్రాడికి పెళ్ళి కాలేదమ్మా" అన్నాడు.

ఒకరోజు ఫోను మోగినప్పుడు పిన్ని క్లాసులో ఉంది. "మా ఆయనకి టీ వేళయింది" అని పిల్లలతో చెప్పి బయల్దేరింది. పిల్లలు నవ్వారు కూడా. ఇంట్లో టీ లేదు. బాబాయి వంటింటి గచ్చు మీద బోర్లా పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళం అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పిన్ని పక్కనే స్టూలు మీద ఉంది.

"నీ చాడీకోర్లు నా ప్రాణం కాపాడాయోయ్. ఒక్కటి చెప్పు. ఈసారి నిజంగానే పడ్డానని నీకెలా తెలిసింది?"

"తెలీలేదండీ" అంది పిన్ని. "మళ్ళీ నాటకమే అనుకున్నా. ఏమని తిట్టాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చా."

"నాటకమనుకుని కూడా పరిగెత్తుకొచ్చావా?"

"ఎప్పుడు పరిగెత్తలేదు?"

బాబాయి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఉత్తుత్తిగా ఒక్కసారి కూడా పడలేదు. పిన్ని మాత్రం, ఆయన ఉన్నన్నాళ్ళూ, ఫోను మోగకపోయినా టీ వేళకి ఇంటికొచ్చింది.