భజనకు అరక్షణం ముందు

ఆ రోజుల్లో దేవుడు మంగఫ్‌లో ఉండేవాడు, నేను రుమైథియాలో ఉండేదాన్ని. మా ఇద్దరి మధ్య తెర పగిలిన ఫోనొకటి ఉండేది. కడప నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి ఇంటి పనిలో చేరిన మొదటి ఏడాది అది. శుక్రవారం మా మామా ఇంటికి (ఇక్కడ యజమానురాలిని అలాగే పిలవాలి) కూతుళ్ళూ అల్లుళ్ళూ భోజనానికి వచ్చేవారు కాబట్టి నాకు సెలవు ఉండేది కాదు. సరిగ్గా ఆ ఉదయమే మంగఫ్‌లో మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, ఉండే ఇంట్లో భజన జరిగేది. అక్క ఫోను కలిపి దేవుడి పటం ముందు పెట్టేది. నేను నా ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, ఉల్లిపాయలు తరుగుతూ అందరితో పాటు పల్లవి అందుకునేదాన్ని. వారం మొత్తంలో నేను నోరారా తెలుగు పలికేది ఆ గంటసేపే. (కళ్ళనీళ్ళు భక్తివా ఉల్లిపాయలవా అని నన్నడగకండి.)

భజన నడిపేది గోదావరి వైపు నుంచి వచ్చిన గురువుగారు. వారమంతా అల్ రాయ్‌లో కార్ల సొట్టలు తీసి, శుక్రవారం మా గొంతుల సొట్టలు తీసేవారు. ఒకరోజు అక్క చెప్పింది: "నీ గొంతు అందరూ ఆపినాక వస్తాంది మే. తాళం తప్పుతాందంట. ఇట్లయితే ఫోను వద్దంటాండారు."

తప్పు నాది కాదు, ఫోనుది; నా పాట అక్కడికి చేరేసరికి ఆలస్యమవుతోంది. అందుకని ఆయన వరుస ముగించకముందే, అరక్షణం ముందుగా ఎత్తుకోవడం సాధన చేశాను. అంట్లు తోముతూ, ఇస్త్రీ చేస్తూ అదే పని. నెల తిరిగేసరికి అక్కడ నా గొంతు అందరితో కలిసింది. గురువుగారు మురిసిపోయి, శ్రీరామనవమికి వచ్చి ముందు వరుసలో కూర్చోమని కబురు పంపారు. కాళ్ళావేళ్ళా పడితే మామా జాలిపడి "యల్లా, యల్లా" అంటూ, సరే పొమ్మన్నట్టు చేయి ఊపింది.

నవమినాడు నేను ముందు వరుసలో కూర్చోగానే, గురువుగారు పాట మొదటి వరుస ఎత్తుకున్నారు. ఆయన ఇంకా చివరికి రాకుండానే నా నోట్లోంచి పల్లవి దూకేసింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆయన డోలక్ ఆపేశారు.

"ఏంటమ్మాయ్, వెనకాల బస్సొస్తున్నట్టు నన్ను అలా తరుముతావేంటి?"

ఇక ఫోను కూడా పోయినట్టేనని అందరి ముందూ ఏడ్చేశాను. "ఫోన్లో ఆలీసెంగా వస్తాందని ముందే పాడేది నేర్చుకున్న్యా సామీ. ఇప్పుడు ఆపుకుందామన్నా ఆగడంల్యా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఓ పని చెయ్యమ్మా. ఆ వంటగదిలోకెళ్ళి, తలుపేసుకుని మీ అక్కకి ఫోన్ చెయ్యి."

అలా పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని, ఏడాదికొక్క సెలవు సంపాదించి వెళ్ళినదాన్ని, పానకం బిందె పక్కన నిలబడి, గోడ అవతలి దేవుడికి ఫోనులో పాడాను. ఒక్క తాళమూ తప్పలేదు. (పానకం కూడా అందరికంటే ముందు నాకే అందింది.)

ఇప్పుడు నాకు శుక్రవారం సెలవుంది. ముందు వరుసలోనే కూర్చుంటాను. అయినా పల్లవి దగ్గరికొచ్చేసరికి నా పెదవులు అరక్షణం ముందే కదులుతాయి. గురువుగారు అది చూసి, ఆగమని కళ్ళతోనే సైగ చేసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. తన గొంతు తన వాళ్ళ దగ్గరికి వేళకు చేరుతుందో లేదోనని ఉల్లిపాయల ముందు కంగారుపడిన ఆ పిల్లతో, చేరిపోయావులే, ఇక నిదానంగా పాడుకోవే అని చెప్పాలనిపిస్తుంది.