తలా తోకా కోసేసిన ప్రశ్న

రాజమండ్రిలో మిషన్ బడికి ముప్పయ్యేళ్లు ఆయాగా చేసిన సంపూర్ణమ్మ చదివింది అయిదో తరగతే. అయినా చర్చి స్త్రీల సమాజంలో ఆవిడ చిక్కుప్రశ్న వేస్తే పాస్టరుగారు కూడా తల గోక్కోవలసిందే. ఆ సంగతి ఎవరో చెప్పగా, ఒక టీవీ వాళ్లు తమ మాటల ఆటకి ప్రశ్నలు రాసిమ్మన్నారు.

నోటితో అడిగినంత తేలిక కాదు రాయడం. ఒక్క ప్రశ్నకి ఒక్క జవాబే రావాలి, అక్షరాల లెక్క కుదరాలి, చదువురాని వాళ్లకీ అందాలి. అందుకని రాసిన ప్రతి ప్రశ్ననీ చేపల మార్కెట్లో ఆడవాళ్లని అడిగి చూసేది. రెండు జవాబులు వచ్చాయా, కొట్టేసేది. పది రాస్తే రెండు మిగిలేవి. వాళ్లలో లక్ష్మీదుర్గకి ఆ ఆటలోనే చోటు దొరికాక, ఆమె చెవిన మాత్రం ఒక్క ప్రశ్నా పడనివ్వలేదు.

ఆట రోజు యాంకరమ్మ అడిగింది: "గోదావరి చేప. మూడక్షరాలు."

"వాలుగండి," అంది లక్ష్మీదుర్గ.

తప్పన్నారు. పులసట. ఆమెని బయటికి పంపేశారు.

టీవీలో వచ్చిన మర్నాడు సంపూర్ణమ్మ మార్కెట్‌కి వెళితే లక్ష్మీదుర్గ కత్తిపీట మీంచి తలెత్తలేదు.

"వాలుగ గోదాట్లో ఉండదాండీ, ఆయమ్మగారూ? చేపలమ్మేదానికి చేప పేరు తెలీదని ఊరంతా నవ్వుతోంది. బాగా రాశారు."

సంపూర్ణమ్మకి ఒళ్లు మండిపోయింది. సంచిలోంచి నోటుబుక్కు తీసి చదివింది: "సముద్రం వదిలి, వరదనీటికి ఎదురీది గోదావరిలోకొచ్చే చేప. మూడక్షరాలు."

"పులస. పసిపిల్ల కూడా చెప్తుంది. మరి ఆ ముక్కలన్నీ ఏవండీ?"

ఆ మాటే అడగడానికి సంపూర్ణమ్మ అక్కడే నిలబడి, ఆ ప్రోగ్రాం పనులు చూసే టీవీవాళ్ల ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"తెర మీద ఒక్క లైనే పడుతుందాంటీ. మిగతాది తీసేశాం. ఎవరు పట్టించుకుంటారు?"

"పదిమందిని అడిగి అడిగి రాసిన ప్రశ్న నాయనా అది. తలా తోకా కోసేసి, నడుంముక్క చూపించి ఇది ఏ చేపో చెప్పమన్నావు. పైగా చెప్పినదానిది తప్పన్నావు. వాలుగ కూడా ఒప్పేనని తెర మీద చెప్పించు. అప్పుడే నా పుస్తకం తెరుస్తాను."

"అలా కుదరదాంటీ. ఇంకొకరి చేత రాయించుకుంటాం."

"రాయించుకో. చేపని చూసినవాళ్ల చేత రాయించుకో."

ఆవిడ ఫోన్ కట్టేసి సంచిలో పడేసింది. లక్ష్మీదుర్గ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, పక్కనున్న పీట ముందుకి జరిపింది.

"కూర్చోండి. ఇంకోటి అడగండి. నేను తప్పు చెప్తే ఇవాళ మీ కూరకి వాలుగ ఊరికే ఇస్తాను."

"సాంతం విని చెప్పవే," అంటూ సంపూర్ణమ్మ పుస్తకం తెరిచింది.