రోజారమణి తిప్పిన నలభై మూడు గుంటలు

రోజారమణి మా ఆఫీసులో పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఆమె తర్వాత చేరి పర్మనెంటయిన వాళ్లలో నేనొకణ్ణి, కాబట్టి ఆ సంగతి ఎక్కువ మాట్లాడను. ఆమెది ఇసకపల్లి. నాన్న సముద్రంలో చేపల వేటకు పోయే మనిషి. ముగ్గురన్నల మధ్య పెరిగినందువల్లనో, పుట్టుకే అంతో, నోరు మాత్రం పెద్దది. తప్పు తనదైతే కంప్యూటర్‌ని తిడుతుంది. తప్పు కంప్యూటర్‌దైతే మమ్మల్ని తిడుతుంది. నా బల్ల ఆమె పక్కనే.

మాది అల్లూరు వైపు రొయ్యల గుంటల వివరాలు చూసే చిన్న ఆఫీసు. ఏ గుంట ఎవరిది, ఎక్కడుంది, దాని ఆకారం ఏమిటి, అన్నీ డేటాబేసులో పట్టికగా ఉంటాయి. ఈ ఏడు పైనుంచి కొత్త రిపోర్టు సాఫ్ట్‌వేరొకటి దిగింది. పట్టికను అందులోకి ఎక్కిస్తే గుంటలన్నీ మ్యాపు మీద రంగురంగుల్లో కనిపిస్తాయని చెప్పారు. ఎలా ఎక్కించాలో చెప్పకుండా టీ తాగి వెళ్లిపోయారు.

రోజారమణి ఎక్కించింది. పేర్లు వచ్చాయి, సర్వే నంబర్లు వచ్చాయి. ఆకారం ఉండాల్సిన గడిలో మాత్రం సిరాలో పడ్డ చీమలు పాకినట్టు అంతుపట్టని అంకెలూ అక్షరాలూ వచ్చాయి. రెండు రోజులు దాంతో పోట్లాడింది. మూడో రోజు కిటుకు దొరికింది. ఆకారాన్ని ఉన్నదున్నట్టు తెస్తే ఈ సాఫ్ట్‌వేరుకు అర్థం కాదు. ముందు డేటాబేసులోనే ప్రతి గుంట మూలలనూ మామూలు అక్షరాల్లోకి మార్చి, విస్తీర్ణం కూడా అక్కడే లెక్క కట్టించి, ఆ తర్వాత తేవాలి.

"పచ్చి చేప ఎవురన్నా విస్తట్లో ఏస్తారా అన్నా? పులుసు పెట్టి తేవాల" అంది నాతో, ఆ సాఫ్ట్‌వేరును తనే కనిపెట్టినంత ధీమాగా.

బుధవారం పొద్దున పట్టిక మొత్తం ఎక్కింది. మధ్యాహ్నం మూడింటికి మా అధికారి హరినాథ్ గారు చిన్న రైతుల జాబితా నెల్లూరుకు పంపాలి. అందులో పేరుంటేనే గుంటకు రాయితీ కరెంటు. పదెకరాలు దాటితే సాఫ్ట్‌వేరే పేరు కొట్టేస్తుంది. అలా మూడు వందల చిల్లర పేర్లలో నలభై మూడు కొట్టేసింది. రోజారమణి వాటిలో మొదటిది తెరిచి చూసింది. ఆదిశేషమ్మ, పన్నెండు వేల ఆరు వందల కోట్ల ఎకరాలు.

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. "మండలంలో అంత భూమి యాడుంది?" అన్నాను.

"భూలోకంలోనే లేదన్నా. సముద్రాలన్నీ కలిపితే సరిపోతది."

హరినాథ్ గారు రూల్సు మనిషి. "సాఫ్ట్‌వేర్ తీసేసిందంటే తీసేసినట్టే. మనం వేలు పెట్టగూడదు. తప్పయితే వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

"అందాకా నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు ఆపేసి, రొయ్యల్ని ఊపిరి బిగబట్టమని చెప్పమంటారా సార్?"

ఇంతలో ఆదిశేషమ్మే లోపలికి వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక గుంట తనే చేసుకుంటోంది. జాబితాలో పేరుందో లేదో కనుక్కుందామని బస్సెక్కి వచ్చింది. రోజారమణి ఆమెకు కంప్యూటర్‌లో ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పింది. ఆదిశేషమ్మ సాంతం విన్నది.

"అయితే ఈ ఆఫీసు గూడా నాదేనా?"

"నీదేనమ్మా. సారు కూసోనుండే కుర్చీ గూడా."

"లెయ్యి నాయనా, కాళ్లు లాగతుండాయి" అంది ఆదిశేషమ్మ.

హరినాథ్ గారు లేచారు. ఒక అర్జీదారు కోసం ఆయన లేవడం నా సర్వీసులో అదే మొదలు. నవ్వాపుకోలేక నేను ఫైళ్లలో తల దూర్చాను.

కూర్చున్నాక ఆదిశేషమ్మ నవ్వలేదు. "ఎగతాళికేం గానీ, పేరు లేకపోతే కరెంటు ఉండదు గదా? నలభై రోజుల రొయ్య పిల్ల ఉండాది గుంటలో" అంది.

రోజారమణి ఆ నలభై మూడు గుంటలూ ఎవరు కొలిచారో చూసింది. అన్నీ మా కామాక్షయ్య కొలిచినవే. చేతిలో మిషను పట్టుకుని కట్ట మీద గుంట చుట్టూ నడిస్తే మూలలు వరసగా నమోదవుతాయి. ఆ నడక అతని పని. పిలిపించింది.

"ఎట్ట తిరిగినావో తిరిగి చూపీ కామాక్షయ్యన్నా."

కామాక్షయ్య గది మధ్యలో స్టూలు పెట్టి, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని భక్తిగా ఒక చుట్టు తిరిగాడు. "ప్రదక్షిణంగానే తిరిగినా. గంగమ్మ ఉండే చోటు గదా."

"రెండోపక్క తిరగవా?"

"తిరుగుతా, కాష్టం చుట్టూ. ఆడికి మిషను తీసకపోను."

రోజారమణి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. డేటాబేసుకు ఒకటే రూలు. నడిచే మనిషికి ఎడమచేతి వైపు ఏముంటే అదే గుంట. కామాక్షయ్య ఎడమవైపున అల్లూరు, నెల్లూరు, హిమాలయాలు, సప్తసముద్రాలు ఉన్నాయి. అవన్నీ ఆదిశేషమ్మకు వచ్చేశాయి. లోకంలో ఆమెది కానిది ఒక్కటే, ఆమె గుంట. ఇన్నాళ్లూ విస్తీర్ణం పాసుపుస్తకం చూసి రాసేవాళ్లం గనక ఈ వైభవం బయటపడలేదు.

"మూలల్ని ఎనకనించి ముందుకు చదవమని చెప్తే చాలు సార్. ఒక్క నిమిషం పని" అంది. గడియారంలో రెండున్నర.

"అంటే అపసవ్యమే గదా" అన్నాడు కామాక్షయ్య, ఎవరూ అడక్కుండానే.

ఆదిశేషమ్మ కుర్చీలోంచి లేచింది. "వద్దు. పేరు పోతే పోనీ. నా గుంట చుట్టూ అపసవ్యం తిప్పొద్దు. ఆయనకు తిప్పినారు, చాలు."

రోజారమణి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆమెను చెయ్యి పట్టుకుని తన బల్ల దగ్గరికి తీసుకొచ్చింది.

"ఈ కంప్యూటరు ఎవురి పక్క చూస్తా ఉండాదమ్మా?"

"నీ పక్క."

"నేను దానికి ఎదురుగా కూసోనుండా. నా కుడిచెయ్యి దానికి ఏ పక్క?"

ఆదిశేషమ్మ తన చేతులు రెండూ చూసుకుని, "ఎడమ పక్క" అంది.

"కామాక్షయ్యన్న సక్రమంగానే తిరిగినాడు. దానికి అపసవ్యంగా కనపడింది. అందుకే లెక్క చెడింది. నేను నీ గుంటను తిప్పను. దానికి గూడా ప్రదక్షిణంగా కనపడేట్టు దాని తలకాయ తిప్పుతా."

ఆ తర్కంలో గుంట అంత బొక్క ఉంది. చెబుదామని నోరు తెరిచాను. బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కింది. మూసుకున్నాను. ఆ క్షణంలో ఆమె మీద కలిగినంత గౌరవం నాకు ఏ పర్మనెంటు ఉద్యోగి మీదా కలగలేదు.

"దాని తలకాయైతే తిప్పు" అంది ఆదిశేషమ్మ.

"తొందరగా తిప్పమ్మా" అన్నారు, ఇంకా నిలబడే ఉన్న హరినాథ్ గారు.

తిప్పింది. నలభై మూడు పేర్లూ జాబితాలోకి తిరిగొచ్చాయి. మూడింటికి పది నిమిషాలుండగా జాబితా నెల్లూరుకు వెళ్లిపోయింది. రోజారమణి ఆదిశేషమ్మ గుంట మ్యాపు ఒకటి ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టింది. తెల్ల కాగితం మధ్య చిన్న నీలం ముక్క, కింద రెండెకరాల ముప్పై ఒక్క సెంట్లు.

ఆదిశేషమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇంతేనా? ఇందాక లోకమంతా ఇస్తివే."

"ఇంతేనమ్మా."

"ఇది మటుకు నాదే గదా?"

"నీదే."

"అది చాల్లే" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని, మూడింటి బస్సు కోసం గబగబా వెళ్లిపోయింది.