బావ కన్ను కదల్లేదట!

మా బావ స్కూలు బస్సు డ్రైవరు. తన కళ్ళ గురించి ఆయన కొట్టే గొప్పలు వింటే చెవులు చిల్లులు పడతాయి. "నా చూపు రోడ్డు మీంచి గోరంత కూడా జరగదు" అంటాడు. అదే మనిషి అన్నం ముందు కూర్చుంటే ఎడమ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు రోజూ పడేస్తాడు. పైగా, అక్కడ పెట్టినందుకు మా అక్కకు అక్షింతలు. మొన్న స్కూలు గేటు స్తంభానికి బస్సు ఎడమ పక్క రాసుకుపోయింది. అప్పుడూ తప్పు ఆ గేటు కట్టిన మేస్త్రీదే!

కంటి డాక్టరు సరేనంటేనే మళ్ళీ బస్సు ఇస్తామని స్కూలువాళ్ళు తేల్చేశారు. "ఈ మహానుభావుడితో నేను పడలేను, నువ్వు తీసుకెళ్ళవే" అని అక్క ఆయన్ని నా నెత్తిన రుద్దింది.

ఆస్పత్రిలో చీకటి గది, అందులో పెద్ద గిన్నెలాంటి మిషను. కుడి కన్ను మూసేసి, గడ్డం ఆనించి, ఎడమ కంటితో మధ్యలోని చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ దీపం మెరిసినా, అటు చూడకుండా, చేతిలోని మీట నొక్కాలి. అంతే.

"కన్ను కదిలిపోతోందండీ" అంది పరీక్ష చేసే అమ్మాయి కాసేపటికి.

"కదల్లేదమ్మా. నా కన్ను సంగతి నాకు తెలీదా?"

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే మాట. "మీ మిషనుకే మతి పోయింది" అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండింది.

"తగ్గు బావా! నీ మీద ఆ అమ్మాయికేం పగ?"

ఆమె ఓపికకు దణ్ణం పెట్టాలి. మిషనులోని కెమెరా తీసిన వీడియోను ఆయనకే చూపించింది. తెర నిండా ఒక కన్ను. అటు దూకుతుంది, ఇటు దూకుతుంది, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మధ్యకొచ్చి నిలబడుతుంది.

"ఇది నా కన్నేనా?" అన్నాడు బావ.

"కాదు, గేటు కట్టిన మేస్త్రీది" అన్నాను.

"కదిలినట్టే తెలీలేదే..." అని గొణిగి, పంతం కొద్దీ మళ్ళీ గడ్డం ఆనించాడు. పళ్ళు బిగపట్టాడు. ఈసారి కన్ను నిజంగానే చుక్కకు అతుక్కుపోయింది. తెర మీద నేనే చూశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ మనిషి అన్న మాట నిలబెట్టుకున్నాడు. మీట చప్పుడు మాత్రం ఉండుండి ఆగిపోతోంది. నిద్రపోతున్నాడేమోనని నవ్వు ఆపుకున్నాను.

పరీక్ష అయిపోగానే ఛాతీ విరుచుకుని లేచాడు.

"చూశావుగా, కదల్లేదు! అవునుగానీ అమ్మా, మధ్యమధ్యలో మిషను ఆగిందేం? ఎడమవైపు దీపాలే రాలేదు."

"ఆగలేదండీ. వస్తూనే ఉన్నాయి."

నేనేదో అంటానని బావ నావైపు చూశాడు.

"పిల్లలు ఎక్కేదీ దిగేదీ ఎడమవైపే కదే" అన్నాడు.