గేటు దగ్గర బిసెర్కా

బిసెర్కాది ఏ జాతి అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నాది ఏ జాతో కూడా చెప్పను. నా కాఫీ తాగి కనిపెట్టగలిగితే కనిపెట్టుకోండి, ఇంతవరకూ ఎవడి వల్లా కాలేదు.

బూట్ల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగానే నా కాఫీ దుకాణం. గేటు ఇప్పటికీ ఉంది. దాని వెనక గోడలూ, పావురాళ్ళూ తప్ప ఏమీ లేవు. ఒకప్పుడు దేశంలో సైనికుడన్నవాడి కాళ్ళకి మా ఊరి బూట్లే ఉండేవి. ఆ బూట్ల పైతోలు కుట్టే మిషను మీద బిసెర్కా తన వయసంతా ధారపోసింది. పొడుగాటి మనిషి, గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాదు, పక్కన నిలబడితే జిగురు వాసన వచ్చేది. పెళ్ళి ఫొటోలో ఆవిడ కట్టుకున్న తెల్లబట్టల మీద కూడా జిగురు మరక ఉంటుంది. అడిగితే, “సగం షిఫ్టులోంచి లేచి వెళ్ళి చేసుకున్నా వదినా, మిగతా సగం పెళ్ళయ్యాక వచ్చి చేశా,” అనేది.

వాళ్ళ నాన్న సెర్బు, అమ్మ క్రొయాటు, ఇద్దరూ క్రైస్తవులే, శాఖలు వేరు. కూతురి పేరు వింటే ఎవరికీ ఏమీ అంతుపట్టకూడదని ఏరికోరి పెట్టాడు ఆ పెద్దాయన. బిసెర్కా అంటే ముత్యం, సెర్బులు, క్రొయాట్లు, ముస్లింలు, మా దేశపు ఈ మూడు జాతుల్లో ఎవరింట్లోనైనా ఆ పేరు ఉండొచ్చు. కట్టుకున్నవాడు మెహ్మెద్, ఫ్యాక్టరీ లారీ డ్రైవరు, బోస్నియా ముస్లిం. యుద్ధంలో నీళ్ళ కోసం వరసలో నిలబడ్డప్పుడు కొండ మీంచి వచ్చిపడిన గుండుకి పోయాడు. కొండ మీద ఉన్నది ఆవిడ నాన్న తరఫువాళ్ళు, కింద చచ్చింది మొగుడు. ఎవరిని తిట్టాలో తెలియక, వీధిలోకొచ్చి ఆకాశాన్ని తిట్టింది. ఆ తిట్లు నేనే విన్నాను, ఇక్కడ రాయదగ్గవి కావు.

తర్వాత విదేశీయులు వచ్చి యుద్ధం ఆపారు. ఆ మాట కాదంటే నా కళ్ళు పోతాయి. ఆపినవాళ్ళు ఆపి వెళ్ళిపోతే బాగుండేది! మీకో రాజ్యం కట్టి ఇస్తామంటూ ఇక్కడే తిష్ఠవేశారు. ఎక్కడో వాళ్ళ సైనిక స్థావరంలో కూర్చుని మాకు రాజ్యాంగం రాశారు. మూడు జాతులు, మూడు కుర్చీలు, మంత్రి నుంచి బంట్రోతు దాకా మూడు వాటాలు. ఈ మూడింటిలో ఇమడనివాళ్ళకి ‘ఇతరులు’ అని ఒక పేరు. ఆ తర్వాత, ఫ్యాక్టరీలు అమ్మేస్తేగానీ బాగుపడరని చెప్పారు. మా ఫ్యాక్టరీని కొన్నవాడు బూట్లు కుట్టించడానికి కొనలేదు, లోపలి ఇనుము అమ్ముకోవడానికి కొన్నాడు. జీతాలు ఆగిపోయాయి. మిషన్లు ఒక్కొక్కటే రాత్రికి రాత్రి మాయం కావడం మొదలైంది.

ఆ మిషన్లు పోతే ఆడవాళ్ళ బతుకే పోయినట్టు. ఇంకో రెండేళ్ళు పని నడిస్తే బిసెర్కాకి పింఛను వస్తుంది. వాళ్ళలో చాలామందిది అదే పరిస్థితి. చివరి రెండేళ్ళు లేకపోతే వెనకటి చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

జీతాలందని కార్మికుల గొడవల్లో టుజ్లా నగరంలో ప్రభుత్వ భవనం తగలబడిన ఆ ఫిబ్రవరిలో మా ఊళ్ళో జనం కూడా రోడ్డెక్కారు. బిసెర్కా మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. క్యాంటీన్‌లోంచి ఒక బెంచీ లాక్కొచ్చి గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

“ఏంటే అది?” అన్నాను దుకాణంలోంచి.

“లారీలు లోపలికి పోవాలంటే నా మీంచి పోవాలి వదినా. నువ్వు కాఫీ పంపిస్తూ ఉండు.”

సాయంత్రానికి ఫిక్రెతా వచ్చింది. బూట్ల అడుగు అట్టలు కత్తిరించే విభాగం, ముస్లిం, నోరు తెరిస్తే ఊరంతా వినబడుతుంది. స్తోయా వచ్చింది. సెర్బు, ఎప్పుడూ నడుం నొప్పే, అయినా బెంచీ వదిలేది కాదు. మండా వచ్చింది. క్రొయాటు, ఐదు మాటలకి ఒక మాట మాట్లాడుతుంది, ఆ ఒక్కటీ సూదిలా దిగుతుంది. వాళ్ళ వెనక మిగతావాళ్ళు. ఇనప పీపాలో కట్టెలు వేసి మంట పెట్టారు. ఎవరు నాయకురాలని విలేకరులు అడిగితే, “చలి,” అంది మండా.

కాపలా ఎలా పంచుకోవాలని ఎవరూ చర్చించలేదు. ఫ్యాక్టరీలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఉంది కదా, పండగ షిఫ్టు! ఒకరి పండగకి మిగతావాళ్ళు పని చేస్తారు. క్రిస్మస్‌కి ముస్లింలు, బైరమ్‌కి, అంటే రంజాన్ పండక్కి, క్రైస్తవులు. ఆ ఏడు రెండు క్రైస్తవ శాఖలకీ ఈస్టరు ఒకే రోజు పడింది. ఫిక్రెతా బలగం మొత్తం ఆ పూట గేటు కాసింది. మర్నాడు స్తోయా, మండా గంపలతో పండక్కి ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు తెచ్చారు. “తిని తిని నేనే గుడ్డునైపోయాను, ఇక చాలమ్మా,” అని ఫిక్రెతా మొత్తుకుంది. బిసెర్కాకి మాత్రం పండగ సెలవు లేదు. “నాకు మూడు పండగలూ ఉన్నాయి, అంటే మూడింటికీ డ్యూటీ ఉన్నట్టే,” అని నవ్వేది.

ఆ నాలుగు నెలల్లో ఒక్క మిషను బయటికి పోలేదు.

జూన్‌లో ఆ విదేశీయుల కార్యాలయం నుంచి యోరిస్ అనే దొర వచ్చాడు. చెడ్డవాడు కాదు. పిల్లిని చూసినా దణ్ణం పెట్టే రకం. బెంచీ మీద కూర్చుని, నా కాఫీ తాగి, దుబాసీ పిల్లతో చెప్పించాడు: ప్రభుత్వాన్నీ, యజమానినీ, వీళ్ళనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడతాడట. మిషన్లు కదపకుండా ఉత్తర్వు ఇప్పించడానికి ప్రయత్నిస్తాడట. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ముగ్గురు ప్రతినిధులు కావాలన్నాడు. అందరూ ఒకేసారి, “బిసెర్కా!” అన్నారు.

“చాలా సంతోషం. ఆవిడ ఎవరి తరఫున?” అన్నాడు.

“మా తరఫున,” అంది ఫిక్రెతా.

దొర ఇబ్బందిగా నవ్వాడు. అలా కాదట. ఒక్కో జాతికి ఒక్కరు. లేకపోతే అవతలివాళ్ళు ఈ బృందాన్నే ఒప్పుకోరట, రాజ్యాంగం ప్రకారం సమతూకం ఉండాలట.

“నేను బూట్లు కుట్టే జాతి,” అంది బిసెర్కా.

దుబాసీ పిల్ల నవ్వు ఆపుకుంటూ చెప్పింది. దొర చాలా గౌరవంగా, అయితే ఆవిడ ‘ఇతరులు’ కిందికి వస్తుందనీ, వాళ్ళకి బల్ల దగ్గర కుర్చీ లేదనీ చెప్పాడు.

ఇంకేముంది, మా వాళ్ళు దాన్ని వేళాకోళం చేశారు. “మొగుడు మావాడేగా, మా వాటాలో రాసేయండి!” అంది ఫిక్రెతా. “మొగుడు మధ్యలో వచ్చినవాడు. తండ్రిదే వంశం, మాకివ్వండి,” అంది స్తోయా. “కన్నది తల్లి,” అంది మండా. పెళ్ళిసంబంధం బేరంలా గోలగోలగా నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే స్తోయా అంది:

“అదేం కుదర్దమ్మా. బిసెర్కా మీ వాటాలో పోతే, నువ్వెలాగూ నోరు మూసుకోవు, మీవాళ్ళకి రెండు గొంతులవుతాయి.”

“మీవాళ్ళేంటే, మీవాళ్ళు?” అంది ఫిక్రెతా. నవ్వు పోయింది ముఖంలోంచి. ఆ మాట ఆ గేటు దగ్గర అంతకుముందు ఎవరి నోటా రాలేదు.

బిసెర్కా లేచింది. “నోళ్ళు ముయ్యండే! నాకేం కుర్చీ అక్కర్లేదు, నాకు బెంచీ ఉంది. మీరు ముగ్గురూ పోయి మిషన్లు కదలకూడదన్న ముక్క ఒక్కటి తీసుకురండి చాలు,” అంది.

వెళ్ళారు. ఆ సమావేశం సంగతి తర్వాత ముగ్గురూ నాకు విడివిడిగా చెప్పారు, అదీ చూడండి వరస. బల్లకి మూడు వైపులా మూడు జెండాల కింద కూర్చోబెట్టారట. చెవుల్లో పెట్టుకోవడానికి గొట్టాలిచ్చి, మూడు భాషల్లోకి ముగ్గురు దుబాసీలు తర్జుమా చేశారట. మేం మాట్లాడేది ఒక్కటే భాష! ఒక్కటే మాట మూడుసార్లు వినపడుతుంటే మండాకి కూడా నవ్వొచ్చిందట. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. మిషన్ల మాట ఎత్తకముందే ఒక పెద్దమనిషి, న్యాయంగా ఉండాలి గదా అని, ఒక్కొక్కరినే అడిగాడట: మీ జాతివాళ్ళకి ఈ ఫ్యాక్టరీలో జరిగిన అన్యాయాలేమిటి?

అడిగితే చెప్పకుండా ఉంటారా? మొదట ఉద్యోగాలు పీకినప్పుడు మావాళ్ళే ఎక్కువ పోయారంది స్తోయా. యుద్ధం మొదలైన వారంలో మావాళ్ళని గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపింది ఎవరు, అప్పుడు నువ్వు లోపల మిషను మీద లేవా అంది ఫిక్రెతా. మీరిద్దరూ కొట్టుకుంటుంటే మావాళ్ళ ఊసు అడిగిన నాథుడు లేడంది మండా. దొరలు బుద్ధిగా రాసుకున్నారట. అంతలో టీ వేళయింది. మిషన్ల సంగతి వచ్చే సమావేశంలో చూద్దామన్నారట. పుండు మీద కారం చల్లి, మందు రేపు ఇస్తామన్నట్టు!

ముగ్గురూ ఒకే బస్సులో వచ్చారు, మూడు చోట్ల కూర్చుని. మర్నాటికి గేటు దగ్గర బెంచీలు మూడయ్యాయి. రోడ్డు మీద పోయేవాళ్ళకి అవి ఒకే వరసలా కనపడేవేమో. నా కౌంటరు దగ్గర నిలబడితే మధ్యలో ఖాళీలు బాగా కనపడేవి. బిసెర్కా ఆ ఖాళీల్లో అటూ ఇటూ తిరుగుతూ ఒకరి మాట ఇంకొకరికి మోసేది. “చిన్నపిల్లల్లా ఏంటే ఇది? ముందు మిషన్లు, తర్వాత తీరిగ్గా జుట్లు పట్టుకుందాం,” అని బతిమాలింది, తిట్టింది, ఒకసారి ఏడ్చింది కూడా. గోడకి చెప్పుకున్నా అంతే. పాత గాయాన్ని లేపడానికి ఒక్క ప్రశ్న చాలింది. దాన్ని మళ్ళీ పడుకోబెట్టడం ఎవరికీ చేతకాలేదు.

జూలై చివర్లో బైరమ్ వచ్చింది. పద్ధతి ప్రకారం క్రైస్తవులు కాపలా కాయాలి. ముందురోజు స్తోయా మా దుకాణానికి వస్తే అడిగాను.

“వాళ్ళ పండక్కి మేం కాపలానా? అంత మాటన్నాక? వాళ్ళ గేటు వాళ్ళే కాసుకోమను!”

“వాళ్ళ గేటేంటే? నీ మిషను లోపల లేదూ?”

“నాకు నడుం నొప్పి,” అంది, డబ్బులు పడేసి వెళ్ళిపోయింది. మండా వస్తుందిలే అనుకున్నాను. స్తోయా వస్తుందిలే అని మండా అనుకుందట. ఫిక్రెతా మాత్రం, ఎంత కోపమున్నా పండగ షిఫ్టు తప్పరులే అని ధీమాగా కొత్తబట్టలు కట్టుకుని పిండివంటల ముందు కూర్చుంది. అదొక్కటీ తెగదని అందరికీ నమ్మకం. ఎవరికి వాళ్ళు తెంపేశారు.

ఆ ఉదయం గేటు దగ్గర బిసెర్కా ఒక్కతే ఉంది. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి మలుపులో లారీలు కనపడ్డాయి, వాటి ముందు పోలీసు బండి. పండగ పూట ఎవరూ ఉండరని యజమానికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. చెప్పాల్సిన పనేముంది, ఊరందరి ఎదుటే కదా కొట్టుకుంది! పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది.

బిసెర్కా రోడ్డు మీద అడ్డంగా పడుకుంది. నేను చేతిలోని పళ్ళెం ఒక పోలీసు మీదికి విసిరాను, వాడికి తగల్లేదు. నలుగురు వచ్చి ఆవిడని కాళ్ళూ చేతులూ పట్టి లేపి, నా దుకాణం మెట్ల మీద, మూట దింపినట్టు దింపారు. మళ్ళీ వెళ్ళి పడుకుంది. మళ్ళీ దింపారు. ఫోను తీసి స్తోయాకి చేసింది, మండాకి చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఫిక్రెతా ఎత్తింది. ఆవిడ కొత్త జోళ్ళతో పరిగెత్తుకొచ్చేసరికి చివరి లారీ మలుపు తిరుగుతోంది. పైన తాడు కట్టి ఉంది బిసెర్కా మిషను.

“ఎక్కడ చచ్చారే వాళ్ళు?” అని అరిచింది ఫిక్రెతా.

“అరవకు,” అంది బిసెర్కా. “నీకు బైరమ్ శుభాకాంక్షలు.”

ఆ తర్వాత గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. కాయడానికి ఏముంది గనక? యోరిస్ దొర ఒకసారి వచ్చాడు, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు, మూడు జాతుల ఆడవాళ్ళ మధ్య సయోధ్య కోసం శిక్షణ శిబిరం పెడుతున్నామన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట. కాఫీ అయిపోయిందని చెప్పి పంపించేశాను, పొయ్యి మీద మరుగుతుండగానే.

చలికాలం ముందు పురపాలక సంఘంలో ఊడ్చే పని పడిందని తెలిసింది. పనంటే పనే, పింఛనులో కలుస్తుంది. బిసెర్కా ఒక్కతే వెళ్ళనంటే తోడు వెళ్ళాను. కిటికీ వెనక కుర్రాడు మర్యాదగానే అడిగాడు.

“ఏ జాతమ్మా?”

ఇప్పుడు మొదలెడుతుంది, నాన్న, అమ్మ, మెహ్మెద్, బూట్లు కుట్టే జాతి అనుకున్నాను. ఆవిడ కిటికీ చట్రం మీద మోచేతులు ఆనించి, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది:

“ఖాళీ ఏ జాతికి ఉంది బాబూ?”

“క్రొయాట్లకి. మిగతా రెండూ నిండిపోయాయి.”

“మా అమ్మ క్రొయాటే. అదే రాసుకో.”

వాడు రాసుకున్నాడు. సంతకం పెట్టేటప్పుడు నేను అటు చూడలేకపోయాను. గోడకేసి తిరిగితే, తలుపు పక్క బెంచీ మీద మండా కూర్చుని ఉంది, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, తన వంతు కోసం. అంతా వింది. కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ ఒక్క పనీ అయిపోయిందమ్మా అని చెప్పాడు.

బిసెర్కా పాలిపోయింది. “మండా, ఒట్టు, నువ్వున్నావని నాకు తెలియదే. ఉండు, కొట్టేయిస్తాను...”

మండా కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. తాపీగా లేచింది.

“ఎందుకులే. మొత్తానికి మావాళ్ళలో చేరావు,” అంది.

బిసెర్కాకి ఆ పని దక్కింది. మండాకి పింఛను రాలేదు. ఇద్దరూ ఇప్పటికీ నా దుకాణానికే వస్తారు. ఒకరు లోపల ఉంటే ఇంకొకరు గేటు పక్కన నిలబడతారు, వాన పడుతున్నా సరే, లోపలున్న మనిషి కాఫీ ముగించి వెళ్ళేదాకా.