సామ్యూల్ నడిపిన ఎమ్మిగనూరు బస్సు

అది 2007. బళ్ళారి రోడ్ల మీద ఎటు చూసినా ఇనుప ఖనిజం లారీలే. నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేదాన్ని. దాంతోపాటు బస్ ఇన్‌ఛార్జి పని కూడా నా నెత్తిన పెట్టారు. అంటే ఒక రూటులో బస్సు వేళకు వస్తోందా, తల్లిదండ్రుల ఫిర్యాదులేమిటి అన్నవి చూసుకోవాలి. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌కు అప్పజెప్పని పని అంటూ ఉండదు.

నాది బళ్ళారి దగ్గరి ఎమ్మిగనూరు అనే పల్లె రూటు. డ్రైవరు సామ్యూల్‌ది పక్కనే కప్పగల్లు ఊరు, అక్కడి చర్చిలో పెద్ద. అంతకుముందు ఎమ్మిగనూరు రైతుల వడ్లు లారీలో మిల్లుకు తోలేవాడు కాబట్టి అక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. సాయంత్రం దిగిన అమ్మాయి ఇంట్లో అడుగు పెట్టేదాకా బండి కదిలించేవాడు కాదు.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు వెంకట్రావు గారి అమ్మాయి సుమలత ఆ బస్సులోనే వచ్చేది. మూడో సంవత్సరం. నేను చెప్పడం పూర్తయ్యేలోపే సర్క్యూట్ గీసేసే పిల్ల. మా కాలేజీ లేకపోతే ఇంజనీరింగ్ చదివేదే కాదు, బెంగళూరు హాస్టల్‌కు పంపే ఇల్లు కాదు వాళ్ళది. ప్రైవేటు కాలేజీలను నేనూ చాలానే తిట్టుకున్నాను గానీ, ఆ మేలు కాదనలేను.

ఒకరోజు సామ్యూల్ స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“మేడమ్, వచ్చే నెల నుంచి గనుల్లో టిప్పర్ లారీ తోలేకి పోతాండా.”

“ఏందప్పా, ఉన్నట్టుండి?”

“మా పాపని ఈడనే ఇంజనీరింగ్ చేర్పీయాలని ఉండాది. ఈ కాలేజీ జీతంతో ఈ కాలేజీ ఫీజు యాడ కట్టేది?”

అతని జీతం పెంచమని కాలేజీ సెక్రటరీ గారిని అడిగితే, “డ్రైవర్లకేం కరువా మేడమ్?” అని నవ్వారు. నిజంగానే కరువు. ఉన్నవాళ్ళంతా గనులకే పోయారు. సామ్యూల్ వెళ్ళాక కొత్తగా దొరికినవాళ్ళు వారం ఉంటే గొప్ప. ఒక సాయంత్రం బస్సు లారీల వరసలో ఇరుక్కుని చీకటి పడ్డాక ఊరు చేరింది. ఇళ్ళకు ఫోన్ చేయాలని ఆ డ్రైవరుకు తోచలేదు.

మర్నాటి నుంచి సుమలత రాలేదు. ఫోన్ చేస్తే వెంకట్రావు గారు మర్యాదగానే చెప్పారు.

“మీ బిల్డింగులు చూసి పంపలేదండి. సామ్యూల్ ఉన్నాడని పంపాం.”

ప్రిన్సిపాల్ ఉత్తరం రాశారు. నేను ఇంటికి వెళ్ళి బతిమాలాను. వెంకట్రావు గారు వినలేదు. అటెండెన్స్ షార్టేజ్ పడింది, అంటే హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది.

మరుసటి ఏడు సామ్యూల్ కూతుర్ని మేనేజ్‌మెంట్ కోటాలో చేర్చడానికి వచ్చాడు. ర్యాంకుతో పని లేకుండా ఎక్కువ ఫీజుకు కాలేజీ ఇచ్చే సీటు అది. చొక్కా నిండా ఎర్ర దుమ్ము, ముఖం నిండా సంతోషం.

“సుమలతమ్మ లాస్ట్ ఇయర్ కదా మేడమ్? మా పాపని కొంచెం చూసుకోమని చెప్పాల.”

“ఆమె మానేసిందప్పా. నువ్వు లేకపోతే బస్సు ఎక్కించనన్నారు వాళ్ళ నాన్న.”

సామ్యూల్ చేతిలోని అప్లికేషన్ నా బల్ల మీద పెట్టేశాడు.

“నాకొక మాట చెప్పింటే, నేనే పోయి ఆయప్పతో మాట్లాడుతాంటి కద మేడమ్?”

అతన్ని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. పాఠం చెప్పడమే మా పని అనుకున్నాం. ఆడపిల్లను ఎవరి మీద నమ్మకంతో గడప దాటిస్తున్నారో తెలుసుకోవడం కూడా మా పనేనని ఆ రోజు నేర్చుకున్నాను. నేను నేర్చుకునేసరికి సుమలత తోటివాళ్ళు చివరి సంవత్సరంలో ఉన్నారు.