పాఠాల కోసం వచ్చిన ఫోన్

మా చిన్నప్పుడు... సాయంత్రం ఆరవుతుంటే మా అవ్వ, అంటే అమ్మ, తొట్టి దగ్గర క్యారెట్లు కడుగుతూనే కేకేసేది. "ఏయ్ పిల్లా, నీ ఫోన్ పంతులమ్మ వచ్చే యాళ్లయింది, చేతులు తుడ్సుకో!"

చేవెళ్ల దగ్గర మా ఊరి బడిలో ఇంగ్లీషు సారు లేడు. పట్నం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు వచ్చి, క్లాసుకొకరికి బటన్ల ఫోన్ ఇచ్చారు. ఆరో తరగతిలో అది నాకు దక్కింది. రోజూ ఆరింటికి మోగేది... ఒక ఆడగొంతు కథ చెప్పి, ప్రశ్న అడిగేది. జవాబుకు బటన్ నొక్కాలి. మాటిమాటికీ పాఠం తప్పితే ఫోన్ వెనక్కి తీసుకుంటామని ముందే చెప్పారు.

'హొరైజన్' అన్న మాట నాకు అందులోనే దొరికింది. నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే చోటుకు ఒక పేరుందా! మర్నాడు బడికి పోయే దారంతా దాన్ని బెల్లంముక్కలా చప్పరించాను...

అప్పుడే మొయినాబాద్ వైపు భూముల బేరాలు ఊపందుకున్నాయి. కనకమామిడి నుంచి వచ్చే ఒక బ్రోకర్‌కు మా భూమి అమ్మిపెట్టమని బాపు నా పాఠాల ఫోన్ నంబరే ఇచ్చాడు. పొద్దంతా కొనే పార్టీలకు చేలు చూపించి, ఆయన సరిగ్గా ఆరింటికే ఫోన్ చేసేవాడు.

"బాపూ, నా పాఠం..."

"జరాగు బిడ్డా. రేపు విందువు తియ్. పాఠం యాడికి పోతది?"

"పాఠం పోదు, భూమే పోతది" అని అవ్వ గొణిగేది.

"నీకేం ఎరుకనే? క్యారెట్లు కడుగు."

కొన్నాళ్లకు ఫోన్ బాపు జేబులోనే ఉండిపోయింది. నేను వాకిట్లో కూర్చుని, కథ ఇప్పుడు ఎంతవరకు వచ్చిందోనని ఊహించుకునేదాన్ని...

ఒకరోజు కంపెనీ సారు బడికి వచ్చాడు. నన్ను లేపి నిలబెట్టి, "ఈ అమ్మాయికి ఇంట్రెస్ట్ లేదండీ, వేరేవాళ్లకు ఇద్దాం" అన్నాడు. బాపు పేరు చెబితే అందరి ముందు ఆయన పరువు పోతుంది. తప్పు నామీదే వేసుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే బాపు ఫికర్ పడలేదు. "తీస్కపోనీ. భూమి అమ్మినంక కొత్తది కొంట."

అమ్మాడు. కొన్నాడు. అందులో ఏ గొంతూ నాకు కథ చెప్పలేదు.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మొన్న మా కాలేజీకి వచ్చిన ఒకాయన, "పల్లె పిల్లల చేతికి ఫోనిస్తే చాలు, చదువు దానంతటదే వస్తుంది" అన్నాడు. హాలంతా చప్పట్లు... నా చేతులు లేవలేదు.

మీ ఇంటికి మొదటి ఫోన్ ఎవరి కోసం వచ్చింది? ఎవరి జేబులో ఉండిపోయింది? చెప్పండి... వింటాను.